ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సాచురేట్ కాకుండా ఎస్‌ఎంపీఎస్ డిజైన్ చేయడం ఎలా?

బల్ల మీద బుద్ధిగా పనిచేసిన స్విచ్ మోడ్ పవర్ సప్లైని (ఎస్‌ఎంపీఎస్) విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఏ రేకుల షెడ్డు కిందో బిగించాక అందులో స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్ ఠప్పుమని పేలిందనుకోండి. మెకానిక్ కొత్తది వేస్తాడు. మే నెల మధ్యాహ్నానికి అదీ పోతుంది. ఈసారి ఇంకా పెద్దది వేస్తాడు. అది ఇంకాస్త పెద్ద శబ్దంతో పోతుంది. ఇలా వరసగా మాస్‌ఫెట్లు బలవుతుంటే ముందుగా అనుమానించవలసింది ట్రాన్స్‌ఫార్మర్‌ను, దాని చుట్లు లెక్కవేసిన కాగితాన్ని.

ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఫెరైట్ కోర్ ఒక హద్దు వరకే అయస్కాంత ఫ్లక్స్‌ను మోస్తుంది. ఆ హద్దు దాటితే ఇండక్టెన్స్ కుప్పకూలుతుంది, ప్రైమరీ వైండింగ్ ఉత్త రాగి తీగగా మిగులుతుంది. అప్పటిదాకా నింపాదిగా ఏటవాలుగా పెరిగిన కరెంటు మైక్రోసెకను తిరక్కుండానే నిటారుగా లేస్తుంది. దీన్నే కోర్ సాచురేట్ కావడం అంటాం. అసలు చిక్కు ఏమిటంటే ఆ హద్దు స్థిరంగా ఉండదు. ఎన్87 ఫెరైట్ డేటాషీట్ తీసి చూడండి: 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 0.49 టెస్లా, 100 డిగ్రీల దగ్గర 0.39 టెస్లా. పీసీ40 అనే ఇంకో రకం ఫెరైట్ కూడా వేడెక్కితే ఇదే 0.39కి దిగుతుంది. అంటే కోర్ వేడెక్కేకొద్దీ దాని సత్తాలో అయిదోవంతు కరిగిపోతుంది. అందుకే చల్లని గదిలో, సగం లోడు మీద చేసిన పరీక్షకు నేను విలువ ఇవ్వను.

ఉదాహరణ ఒకటి ఉంటే లెక్క తేలిక. సీసీటీవీ కెమెరాలకు వాడే 12 వోల్టుల, 2 ఆంపియర్ల సప్లైని తీసుకుందాం. ఇన్‌పుట్ 85 నుంచి 265 వోల్టుల ఏసీ, ఫ్లైబ్యాక్ పద్ధతి (మాస్‌ఫెట్ నడిచినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లో శక్తి నింపి, ఆగినప్పుడు అవుట్‌పుట్‌కు వదలడం), యూసీ3842 కంట్రోలర్ చిప్, 65 కిలోహెర్ట్జ్. టైమింగ్‌కు 12 కిలోఓంల రెసిస్టర్, 2.2 నానోఫారడ్ల కెపాసిటర్ పెడితే ఆ ఫ్రీక్వెన్సీ వస్తుంది. కోర్ ఈఈ25, 13/7 రకం. ఇంగ్లిష్ E ఆకారంలో ఉండే దాని మధ్య కాలి వైశాల్యం దాదాపు 52 చదరపు మిల్లీమీటర్లు. ఈఈ25 పేరుతోనే 40 చదరపు మిల్లీమీటర్ల కోర్లు కూడా దొరుకుతాయి కనుక పేరు చూసి కొనకండి, వెర్నియర్ పెట్టి కొలవండి.

ముందు మామూలు పీక్ కరెంటు

అవుట్‌పుట్ 24 వాట్లు, ఎఫిషియెన్సీ 80 శాతం అనుకుంటే లోపలికి 30 వాట్లు రావాలి. ఇన్‌పుట్ 85 వోల్టులకు పడిపోయినప్పుడు, ఫిల్టర్ కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లు ఉంటే, ఆ కెపాసిటర్ మీది డీసీ వోల్టేజీ (దీన్నే బస్సు అంటాం) రిపుల్ అడుగున సుమారు 100 వోల్టులు ఉంటుంది. సగటు కరెంటు 0.3 ఆంపియర్. డ్యూటీ, అంటే ఒక్కో సైకిల్లో మాస్‌ఫెట్ నడిచే వంతు, 0.45 దగ్గర, కరెంటు ప్రతి సైకిల్లో సున్నా నుంచి మొదలయ్యేలా పెట్టుకుంటే పీక్ 1.33 ఆంపియర్లు. దానికి కావలసిన ప్రైమరీ ఇండక్టెన్స్ 520 మైక్రోహెన్రీలు.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. చాలామంది ఇక్కడే ఆగి ఈ 1.33నే పట్టుకుని చుట్లు లెక్కవేస్తారు. మాస్‌ఫెట్ల దుకాణాలకు బేరాలు తగ్గకపోవడానికి అదొక కారణం.

ఇప్పుడు అసలు పీక్ కరెంటు

ట్రాన్స్‌ఫార్మర్ చూడబోయే గరిష్ఠ కరెంటును లోడు నిర్ణయించదు. కంట్రోలర్ ఎంతవరకు పోనిస్తుందో అదే గరిష్ఠం. స్విచ్ వేసిన తొలి క్షణాల్లో అవుట్‌పుట్ కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి కనుక ఫీడ్‌బ్యాక్ పూర్తిగా తెరుచుకుంటుంది, కరెంటు పరిమితి దాకా పోతుంది. అవుట్‌పుట్ షార్ట్ అయినా అంతే. కాబట్టి లెక్క వేయవలసింది ఆ పరిమితికి.

యూసీ3842 కరెంటు సెన్స్ పిన్ దగ్గర నామమాత్రపు హద్దు 1 వోల్టు. డేటాషీట్‌లో అది 0.9 నుంచి 1.1 వరకు ఉండవచ్చని రాసి ఉంటుంది. కనిష్ఠ హద్దు ఉన్న చిప్ వచ్చినా పూర్తి లోడు లాగాలి కనుక, మాస్‌ఫెట్ కరెంటును ఆ పిన్‌కు వోల్టేజీగా చూపే సెన్స్ రెసిస్టర్ 0.62 ఓం పెడదాం. అప్పుడు కనీసం 1.45 ఆంపియర్లు వస్తాయి, సరిపోతుంది. అదే 1.1 వోల్టుల చిప్ పడితే 1.77 ఆంపియర్ల వరకు పోతుంది.

అక్కడితో అయిపోలేదు. హద్దు తగిలిన క్షణానికీ మాస్‌ఫెట్ నిజంగా ఆగే క్షణానికీ మధ్య కొంత జాప్యం ఉంటుంది. చిప్ లోపల 150 నానోసెకన్లు, సెన్స్ పిన్ దగ్గర 1 కిలోఓం, 100 పికోఫారడ్ల ఫిల్టర్‌కు 100 నానోసెకన్లు, మాస్‌ఫెట్ ఆగడానికి మరో 50. మొత్తం 0.3 మైక్రోసెకన్లు. ఇన్‌పుట్ 265 వోల్టులు ఉన్నప్పుడు బస్సు 375 వోల్టులకు చేరుతుంది. 520 మైక్రోహెన్రీల మీద అంత వోల్టేజీ ఉంటే కరెంటు మైక్రోసెకనుకు 0.72 ఆంపియర్ల చొప్పున ఎక్కుతుంది. ఆ జాప్యంలోనే 0.22 ఆంపియర్లు కలుస్తాయి. అంటే మన ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోవలసింది 1.33 ఆంపియర్లను కాదు, 2 ఆంపియర్లను.

ఆ చిన్న ఫిల్టర్ మీద ఒక మాట. నాయిస్ వస్తోందని 100 పికోఫారడ్ల చోట 470 పికోఫారడ్లు పెట్టేవారు ఉంటారు. జాప్యం ఒక్కసారిగా 0.37 మైక్రోసెకన్లు పెరుగుతుంది, పీక్ కరెంటు మరో పావు ఆంపియర్ ఎక్కుతుంది. నాయిస్ తగ్గినట్టే కనిపిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం మాత్రం మీకు చెప్పకుండా పెరుగుతుంది. అంతగా అవసరమైతే కెపాసిటర్ మార్చి ఊరుకోకండి, ఈ లెక్క మొదటి నుంచి మళ్లీ చేయండి.

చుట్లు

సూత్రం చిన్నదే: చుట్లు = (ఇండక్టెన్స్ × పీక్ కరెంటు) ÷ (ఫ్లక్స్ సాంద్రత × కోర్ వైశాల్యం). ఫ్లక్స్ సాంద్రతకు 0.3 టెస్లా తీసుకోండి. 0.39 ఉంది కదా అని 0.38 దాకా లాగకండి. డేటాషీట్ అంకె కోర్ దాదాపు పూర్తిగా నిండిపోయిన స్థితిది, ఇండక్టెన్స్ అంతకంటే ముందే జారడం మొదలుపెడుతుంది.

1.33 ఆంపియర్లతో లెక్కవేసినవారికి 45 చుట్లు వస్తాయి. ఆ 45 చుట్ల ట్రాన్స్‌ఫార్మర్‌లో 2 ఆంపియర్లు పారితే ఫ్లక్స్ 0.44 టెస్లా. చల్లని కోర్ హద్దు 0.49 కనుక బల్ల మీద బతికి బయటపడుతుంది. వేడి కోర్ హద్దు 0.39 కనుక షెడ్డులో పోతుంది. ఆటోనగర్ కథ మొత్తం ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

2 ఆంపియర్లతో లెక్కవేస్తే 67 చుట్లు. కోర్ రెండు సగాల మధ్య వదిలే ఖాళీలో (గ్యాప్‌లో) చిన్న తేడాల వల్ల ఇండక్టెన్స్ 10 శాతం ఎక్కువ రావచ్చు, అప్పుడు అదే కరెంటుకు ఫ్లక్స్ కూడా 10 శాతం పెరుగుతుంది. దాన్ని కూడా కలుపుకుని 72 చుట్లు వేద్దాం. అన్నీ ఒకేసారి చెడ్డగా కలిసివచ్చినా 0.31 టెస్లా దాటదు. సెకండరీకి 11 చుట్లు, కంట్రోలర్‌కు 15 వోల్టులు ఇచ్చే సహాయక వైండింగ్‌కు 14.

చుట్లు బాబిన్‌లో, అంటే తీగ చుట్టే చట్రంలో, పట్టకపోతే ఏం చేయాలి? కోర్ పెద్దది తీసుకోవాలి. నాలుగు చుట్లు తగ్గించి సర్దుకుందామన్న ఆలోచన రాత్రిపూట వస్తుంది. పడుకోండి.

గ్యాప్

ఈ ఒక్క విషయంలో ఉన్నన్ని అపోహలు ఇంకెక్కడా లేవు. గ్యాప్ పెడితే ఫెరైట్ హద్దు పెరగదు. అది 0.39 టెస్లాయే. గ్యాప్ చేసే పని ఇండక్టెన్స్‌ను తగ్గించి, అదే ఫ్లక్స్‌కు ఎక్కువ కరెంటును రానివ్వడం. ఫ్లైబ్యాక్‌లో శక్తి నిల్వ ఉండేది చాలావరకు ఆ ఖాళీలోనే, అందుకే అక్కడ గ్యాప్ తప్పనిసరి.

మన 72 చుట్లకు, 520 మైక్రోహెన్రీలకు లెక్క ప్రకారం 0.65 మిల్లీమీటర్ల గ్యాప్ కావాలి. మధ్య కాలిని అరగదీస్తే ఆ 0.65 అంతా అక్కడే ఉండాలి. కాగితమో మైలార్ ముక్కో రెండు సగాల మధ్య పెడితే ఫ్లక్స్ ఆ ఖాళీని రెండుసార్లు దాటుతుంది, ఒకసారి మధ్య కాలి దగ్గర, ఇంకోసారి పక్క కాళ్ల దగ్గర. కాబట్టి ముక్క మందం దాదాపు సగం, 0.32 మిల్లీమీటర్లు చాలు. ఫ్లక్స్ అంచుల నుంచి ఉబ్బడం వల్ల లెక్కకూ కొలతకూ కొంచెం తేడా వస్తుంది. చివరి మాట ఇండక్టెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్‌దే: 520 చూపించేవరకు మందం సరిచేయండి.

మీటర్ 9 మిల్లీహెన్రీలకు పైగా చూపిస్తే అసలు గ్యాప్ లేదన్నమాట. అలాంటి కోర్ 0.15 ఆంపియర్‌కే నిండిపోతుంది. పాత కంప్యూటర్ సప్లైల నుంచి పీకిన కోర్లతో ఇది తరచుగా జరుగుతుంది. వాటిలో చాలావరకు హాఫ్‌బ్రిడ్జి ట్రాన్స్‌ఫార్మర్లు, గ్యాప్ ఉండదు. డాబాగార్డెన్స్ వైపు దుకాణాల్లో విడిగా అమ్మే కోర్లు కొన్నా సంచిలోంచి తీసిన వెంటనే రెండు సగాలూ కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పక్క కాళ్లు అతుక్కుని మధ్యలో సన్నని వెలుగు గీత కనిపిస్తే గ్యాప్ ఉన్నట్టు. మెటీరియల్ పేరు చెప్పలేని కోర్‌ను లెక్కలోకి తీసుకోకండి, దాని వేడి హద్దు ఎంతో మీకు తెలియదు.

ఫ్లైబ్యాక్ కాకపోతే

మాస్‌ఫెట్ నడుస్తున్నప్పుడే శక్తిని సెకండరీకి దాటించే ఫార్వర్డ్, హాఫ్‌బ్రిడ్జి, పుష్‌పుల్ రకాల్లో లెక్క వేరు. అక్కడ లోడు కరెంటు వల్ల కోర్ నిండదు, ఎందుకంటే ప్రైమరీ, సెకండరీల లోడు కరెంట్లు ఒకదాని ఫ్లక్స్‌ను ఇంకొకటి కొట్టేసుకుంటాయి. కోర్‌ను నింపేది వోల్టేజీ, అది నిలిచి ఉన్న సమయం, ఆ రెండింటి లబ్ధం. ఈ రకాల్లో గ్యాప్ పెట్టినా వోల్టేజీ వల్ల వచ్చే ఫ్లక్స్ ఊగులాట మారదు. లోడు ఎక్కువైనందుకు సాచురేట్ అయిందని ఫార్వర్డ్ సప్లై గురించి ఎవరైనా చెబితే నమ్మకండి.

హాఫ్‌బ్రిడ్జి లెక్క చూడండి. ఈటీడీ39 కోర్, వైశాల్యం 125 చదరపు మిల్లీమీటర్లు, 50 కిలోహెర్ట్జ్. బస్సు 375 వోల్టులు ఉన్నప్పుడు ప్రైమరీ మీద పడేది సగం, 187.5. ఒక్కో పల్స్ గరిష్ఠంగా 9 మైక్రోసెకన్లు. మామూలుగా నడిచేటప్పుడు అంత వోల్టేజీకి అంత వెడల్పు పల్స్ రాదు. కాని స్విచ్ వేసిన క్షణంలో, లోడు హఠాత్తుగా మారినప్పుడు రెండూ కలిసి వస్తాయి, లెక్క ఆ క్షణానికే వేయాలి. ఊగులాట అటు ఇటు 0.15 టెస్లా చొప్పున పెట్టుకుంటే 45 చుట్లు వస్తాయి. 0.3 దాకా పోవచ్చు కదా, ఇంత పిసినారితనం ఎందుకని అడగవచ్చు. నిలకడగా నడిచేటప్పుడు ఫ్లక్స్ మైనస్ 0.15 నుంచి ప్లస్ 0.15కు ఎక్కుతుంది. తొలి పల్స్‌కు మాత్రం సున్నా నుంచి బయలుదేరి ఆ మొత్తం 0.30నీ ఒకే వైపు ఎక్కుతుంది. అది వేడి హద్దుకు లోపలే ఉండాలి. ఇది కాక కోర్ వేడెక్కడం కూడా ఈ ఊగులాటను బట్టే ఉంటుంది.

పుష్‌పుల్‌కు ఇంకో రోగం ఉంది. ఒక వైపు మాస్‌ఫెట్ రెండోదానికంటే కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటే చాలు, ప్రతి సైకిల్‌కూ ఫ్లక్స్ కొంచెం కొంచెంగా ఒకే దిక్కుకు జరుగుతూ పోయి చివరికి హద్దు తాకుతుంది. ఎస్‌జీ3525, టీఎల్494 లాంటి వోల్టేజీ మోడ్ చిప్‌లతో చేసిన ఇన్వర్టర్లలో ఒకే వైపు మాస్‌ఫెట్లు వేడెక్కుతుంటే కారణం తరచుగా ఇదే. పుష్‌పుల్‌కు పీక్ కరెంటు మోడ్ కంట్రోలర్ (ఒక్కో పల్స్‌ను కరెంటు చూసి ఆపేది) వాడండి. ఫుల్‌బ్రిడ్జికి అదైనా సరే, లేదా ప్రైమరీతో వరసలో ఫిల్మ్ కెపాసిటర్ అయినా సరే. హాఫ్‌బ్రిడ్జికి వరస కెపాసిటర్ వేయండి, పీక్ కరెంటు మోడ్ వద్దు. అక్కడ రెండు కెపాసిటర్ల మధ్య బిందువు వోల్టేజీ ఒక పక్కకు కొట్టుకుపోతుంది.

ఒకే స్విచ్చు, ఫ్లక్స్‌ను మళ్లీ దించే రీసెట్ వైండింగ్ ఉన్న ఫార్వర్డ్‌లో రీసెట్ చుట్లు ప్రైమరీకి సమానంగా ఉంటే డ్యూటీ 50 శాతం దాటకూడదు. అందుకు యూసీ3844 లేదా 3845 తీసుకోండి, అవి ఆ హద్దును చిప్‌లోనే కట్టేస్తాయి. 3842, 3843 దాదాపు పూర్తి డ్యూటీ దాకా పోతాయి. చిప్ పిన్‌ల అమరిక ఒకటే కనుక దుకాణంలో అది లేదు, ఇది వేయండి అంటే సాకెట్లో చక్కగా కూర్చుంటుంది. కూర్చున్నంత మాత్రాన కోర్ ఒప్పుకోదు.

స్టార్టింగ్, షార్ట్ సర్క్యూట్

ఫ్లైబ్యాక్ అవుట్‌పుట్ షార్ట్ అయినప్పుడు ప్రైమరీకి ప్రతిఫలించే వోల్టేజీ దాదాపు సున్నా. మాస్‌ఫెట్ ఆగిన సమయంలో ఫ్లక్స్ దిగడానికి అవకాశమే ఉండదు. ఇటు కంట్రోలర్ ఎంత తొందరపడ్డా పైన చెప్పుకున్న 0.3 మైక్రోసెకన్ల కంటే చిన్న పల్స్ ఇవ్వలేదు. అందువల్ల ఒక్కో సైకిల్‌కూ మెట్టు మెట్టుగా కరెంటు ఎక్కుతుంది. కరెంటు లిమిట్ ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మందు రెండు విధాలు: సాఫ్ట్ స్టార్ట్ (కరెంటును మెల్లగా పెరగనిచ్చే ఏర్పాటు) పెట్టడం, షార్ట్ తగలగానే ఆగి కొంతసేపటికి మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు చేయడం. యూసీ3842 సరఫరా 10 వోల్టులకు పడితే తనంతట ఆగి 16కు చేరాక మళ్లీ మొదలవుతుంది. సహాయక వైండింగ్ సెకండరీతో బాగా జతపడి ఉంటే షార్ట్ సమయంలో ఈ ఆగి లేవడం దానంతటదే జరుగుతుంది. లీకేజీ స్పైకులు సహాయక కెపాసిటర్‌ను నింపుతూ ఉంటే మాత్రం జరగదు. సహాయక వైండింగ్ డయోడుకు ముందు కొన్ని ఓంల రెసిస్టర్ పెట్టి చూడండి.

సాఫ్ట్ స్టార్ట్ కెపాసిటర్ ప్రతిసారీ పూర్తిగా ఖాళీ అవుతోందా అన్నది కూడా చూడాలి. గాలివానకు కరెంటు రెప్పపాటులో పోయి వస్తుంది, హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి ఇది వేరే చెప్పనవసరం లేదు. కెపాసిటర్ నిండుగానే ఉండి సప్లై తిరిగి మొదలైతే సాఫ్ట్ స్టార్ట్ ఉన్నా లేనట్టే. రిఫరెన్స్ పిన్ వైపు ఒక డయోడు వేస్తే చిప్ ఆగగానే ఆ కెపాసిటర్ దిగిపోతుంది.

కొలిచి చూడటం

కరెంటు పెట్టకముందే ట్రాన్స్‌ఫార్మర్‌ను విడిగా పరీక్షించండి. బెంచి సప్లైతో 60 వోల్టులు, దానికి అడ్డంగా 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, ప్రైమరీ, ఒక మాస్‌ఫెట్, సోర్స్‌లో 0.1 ఓం రెసిస్టర్, ప్రైమరీకి అడ్డంగా ఒక వేగవంతమైన డయోడు. సెకండరీలు తెరిచి ఉంచండి. మాస్‌ఫెట్‌కు 35 మైక్రోసెకన్ల పల్స్ ఒక్కటే ఇచ్చి రెసిస్టర్ మీది వోల్టేజీని స్కోప్‌లో పట్టండి. గీత వంగకుండా సరళరేఖలా పెరిగినంతసేపూ కోర్ క్షేమం. ఎక్కడ పైకి వంగిందో అక్కడ హద్దు. మన ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉన్నప్పుడు సుమారు 3.5 ఆంపియర్ల చుట్టుపక్కల వంగాలి. తర్వాత కోర్‌ను ఓవెన్‌లోనో హాట్ ఎయిర్ గన్‌తోనో 100 డిగ్రీలకు తెచ్చి మళ్లీ పల్స్ ఇవ్వండి. వంపు 2.8 దగ్గరికి జరుగుతుంది. 2 ఆంపియర్లకు ఇంకా జాగా ఉంది. అది 2.1 దగ్గరే వంగితే గ్యాప్ తప్పు, లేదా కోర్ మెటీరియల్ చెప్పినది కాదు.

తర్వాత అసలు బోర్డు. బస్సు మీద 230 వోల్టుల ఏసీకి 325 వోల్టుల డీసీ ఉంటుంది, ఆపాక కూడా కెపాసిటర్లో నిలిచి ఉంటుంది, ఒంటి చేత్తో పని అలవాటు చేసుకోండి. తొలిసారి 60 వాట్ల బల్బును వరసలో పెట్టి ఇవ్వండి. బల్బు వెలిగి ఆరితే సరే, వెలుగుతూనే ఉంటే ఆపేయండి. బోర్డుకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. స్కోప్ ఎర్త్ పిన్ విరిచి పని కానిచ్చే అలవాటు మన ఊళ్లో కొన్ని బల్లల మీద ఇంకా ఉంది. అలా చేస్తే స్కోప్ డబ్బాకే బస్సు వోల్టేజీ వస్తుంది.

సెన్స్ రెసిస్టర్ మీద ప్రోబ్ పెట్టి, పొడవాటి గ్రౌండ్ తీగ తీసేసి చిన్న స్ప్రింగ్‌తో పట్టుకోండి. తీగ పొడవుంటే మీరు చూసే కొమ్ములు సగం దానివే. పల్స్ మొదట్లో వచ్చే స్పైకును పట్టించుకోకండి, అది సాచురేషన్ కాదు. చూడవలసింది చివరి భాగం. అక్కడ గీత చేప గాలంలా పైకి తిరిగితే ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టవలసిందే. ఈ పరీక్ష ఏ ఏ స్థితుల్లో చేయాలంటే: 265 వోల్టుల దగ్గర స్విచ్ వేసినప్పుడు, 85 దగ్గర పూర్తి లోడుతో, అవుట్‌పుట్ షార్ట్ చేసి, రెండు క్షణాలు తీసి మళ్లీ వేసి. ఇవన్నీ సప్లైని దాని పెట్టెలోనే మూసి, పూర్తి లోడు మీద గంటసేపు నడిపి, కోర్ వేడెక్కిన తర్వాత చేయాలి. వేసవిలో షెడ్డు కింద మూసిన పెట్టెలో గాలే 55 డిగ్రీలు ఉండవచ్చు. కోర్ దానిమీద మరో 40, 45 ఎక్కితే 100 అయినట్టే. కోర్‌కు సన్నని థర్మోకపుల్ అంటించి ఉంచండి, అంచనాతో పని లేదు.

ఇక వైండింగ్ బయట చేయిస్తుంటే చీటీలో చుట్లు, తీగ మందం మాత్రమే రాసి పంపకండి. కోర్ మెటీరియల్, మధ్య కాలి గ్యాప్ లేదా స్పేసర్ మందం, కావలసిన ఇండక్టెన్స్ 520 మైక్రోహెన్రీలు, తేడా 10 శాతం లోపు, 100 డిగ్రీల దగ్గర 2.5 ఆంపియర్ల వరకు గీత వంగకూడదు, ఇవీ రాయండి. మొదటి పది ముక్కలు వచ్చాక ఒక్కోదాన్నీ ఎల్‌సీఆర్ మీటర్‌కు తగిలించండి. వాటిలో ఒకటి మిల్లీహెన్రీల్లో చూపిస్తే స్పేసర్ మరిచిపోయారన్నమాట, మొత్తం లాటును వెనక్కి పంపండి.